రాలింది వడగల్లా, మంచా? చేత్తో పట్టి తేల్చుకునే పద్ధతి

తెలుగులో ‘మంచు’ అన్న ఒక్క మాట నాలుగైదు పనులు చేస్తుంది. తెల్లారి గడ్డి మీద మెరిసే నీటిబొట్టు మంచు. సంక్రాంతి ముందు రోజుల్లో హైవే మీద ఎదురుగా వచ్చే లారీని కనబడనివ్వని పొగా మంచే. లంబసింగిలో బండి సీటు మీద తెల్లగా పేరుకునేదీ, కశ్మీర్‌లో దూదిలా రాలేదీ మంచే. ఇక గట్టిగా, గుండ్రంగా ఏది పడినా ‘వడగళ్లు’ అనేసి ఊరుకుంటాం. కబుర్లలో అయితే దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. పంట నష్టం రాయించుకునేటప్పుడు, కొండదారిలో బండి తోలేటప్పుడు, పిల్లలకు సైన్సు పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఏది ఏదో తెలియాలి.

తెలుసుకోవడం కష్టం కాదు. ఆకాశం నుంచి పడే ప్రతి మంచుముక్కా తను వచ్చిన దారిని ఒంటి మీద రాసుకునే వస్తుంది. దారిలో కరిగిందా, మళ్లీ గడ్డకట్టిందా, పొరలు పోసుకుందా అన్నది దాన్ని గోటితో నొక్కితే, కోసి చూస్తే, వెలుగుకు అడ్డం పెడితే బయటపడుతుంది. రంగు చూసి మాత్రం పేరు పెట్టకూడదు. తెల్లగా పరుచుకున్నదల్లా హిమపాతం కాదు. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి దారులు తెల్లబడిపోయి ‘తెలంగాణలో కశ్మీర్’ అంటూ వీడియోలు తిరిగాయి. అక్కడ పడింది వడగళ్లే.

ముందు ఒక జల్లెడ

ఏ పరీక్షా మొదలుపెట్టకముందే థర్మామీటర్ చూడండి. నేల దగ్గర గాలి 10 డిగ్రీలు దాటి ఉండగా పైనుంచి మంచుగడ్డ పడిందంటే అది దాదాపు ఎప్పుడూ వడగల్లే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మైదానంలో ఈ ఒక్క ప్రశ్నతోనే తొంభై పాళ్లు తేలిపోతుంది.

కారణం ఎత్తులో ఉంది. గాలిలో పైకి పోయేకొద్దీ కిలోమీటరుకు ఆరు, ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన తీరం మీద సున్నా డిగ్రీల మట్టం సుమారు నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మందస పక్కన ఒడిశా సరిహద్దులో కనిపించే మహేంద్రగిరి శిఖరం 1,501 మీటర్లు. అంటే ఆ మట్టంలో మూడో వంతు. దూదిలా రాలే మంచు పలకలు అంత పైనుంచి బయల్దేరితే కొండ తల కూడా చేరకముందే నీళ్లవుతాయి. నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల వెచ్చటి గాలిని దాటి నేలను తాకాలంటే గడ్డ పెద్దదై ఉండాలి, వేగంగా పడాలి. ఆ రెండూ వడగల్లుకే ఉన్నాయి. మహేంద్రగిరి మీద హిమం కురిసిందని ఎవరైనా ఫొటో పంపితే, ఎండాకాలమైతే వడగళ్లు అనుకోండి, చలికాలమైతే పొగమంచు అనుకోండి.

కాలం కూడా చూడాలి. మన దగ్గర వడగళ్లు మార్చి నుంచి మే దాకా, మధ్యాహ్నం మూడు దాటాక సాయంత్రం లోపు ఎక్కువ. సముద్రం నుంచి తేమ కిందగా వస్తుంది, వాయవ్యం నుంచి పొడిగాలి పైన సాగుతుంది, నేల కాలిపోతూ ఉంటుంది. ఈ మూడూ కలిసిన రోజున కొండల వైపు మబ్బు గోపురంలా లేస్తుంది. నైరుతి రుతుపవనాలు దిగాక, జూన్ నుంచి, వడగళ్లు అరుదు. అప్పుడు గాలి కింది నుంచి పైదాకా తడిగా ఉంటుంది, పైకి లేచే ఊపు తక్కువ, నీరు ఎత్తుకు పోకముందే వానగా రాలిపోతుంది. తుపానుల సంగతీ అంతే. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటివి చెట్లను వేళ్లతో పెకలిస్తాయి కానీ, తుపానులో సాధారణంగా వడగళ్లు పడవు. తుపాను దెబ్బతిన్న తోటలో కాయల మీద గుంటలు కనిపిస్తే కొమ్మ కొట్టిందో, పక్క కాయ రాసుకుందో ముందు చూడాలి.

పట్టడానికి ముందు ఏర్పాటు

వడగల్లు పుట్టే మబ్బే పిడుగు మబ్బు. రాళ్లు ఏరడానికి వాన మధ్యలో పొలంలోకి పరుగెత్తడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటికి రావాలి. కానీ అరగంటలో శనగగింజంత గడ్డలు నీరైపోతాయి. కాబట్టి పట్టే పని పాత్రకు అప్పజెప్పి మనం స్లాబు కింద ఉండాలి. రేకుల పాక పిడుగుకూ మంచిది కాదు, పెద్ద రాయికీ ఆగదు.

పాత్రగా చేపలు పంపే థర్మోకోల్ పెట్టెకు మించింది లేదు. తీరం ఊళ్లలో ఎక్కడైనా దొరుకుతుంది. అడుగున నాలుగు మూలలా వేలు పట్టే చిల్లులు పెట్టండి. లోపల రెండు ఇటుక ముక్కలు పెట్టి, వాటి మీద చిల్లుల పళ్లెం బోర్లించండి. పడిన గడ్డలు పళ్లెం మీద నిలుస్తాయి, వాన నీరు కిందికి జారిపోతుంది. నీళ్లలో తేలే గడ్డ గాలిలో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు త్వరగా కరుగుతుంది. బేసిన్ పెట్టినవాళ్లకు చివరికి చల్లటి నీళ్లే మిగిలేది ఇందుకే. ఇంకో జాగ్రత్త: చేపల పెట్టెకు ఉప్పు అంటి ఉంటుంది. రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడగకపోతే ఆ ఉప్పే గడ్డల్ని తినేస్తుంది.

రెండో పరికరం దెబ్బల పలక. 30 సెంటీమీటర్ల చదరం, రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్న థర్మోకోల్ షీటు తీసుకుని, పైన వంటింటి అల్యూమినియం రేకు ముడతలు లేకుండా బిగించి, వెనక టేపు వేయండి. ఒక అంచున ఉత్తరం దిక్కు గుర్తు పెట్టండి. చెట్టూ గోడా అడ్డురాని చోట, ఇటుకల మీద పెట్టి బైండింగ్ వైరుతో కట్టేయండి. కట్టకపోతే వడగళ్ల కంటే ముందొచ్చే గాలికి పక్క వీధిలో తేలుతుంది. గడ్డ కరిగినా దాని గుంట పలక మీద ఉండిపోతుంది. గుంట గుండ్రంగా ఉంటే నిలువుగా పడింది, కోలగా ఉంటే గాలి తోసింది. కోల సాగిన దిక్కు, ఉత్తరం గుర్తు కలిపి చూస్తే గాలి ఎటునుంచో తెలుస్తుంది. గుంట అడ్డుకొలత సాధారణంగా గడ్డ కంటే కాస్త తక్కువే ఉంటుంది, అందుకే దాన్ని ‘కనీసం ఇంత’ అని రాసుకోవాలి.

ఇవి కాక 15 సెంటీమీటర్ల స్కేలు, పది రూపాయల బిళ్ల, నల్లగుడ్డ ముక్క, టార్చి, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లు, గ్రాములు చూపే చిన్న తూకం ఉంటే చాలు. పది రూపాయల బిళ్ల అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. ఫొటోలో గడ్డ పక్కన దాన్ని పెడితే ఎవరికైనా కొలత తెలుస్తుంది. అరచేతిలో పెట్టి తీసిన ఫొటోతో ఏ లాభమూ లేదు, అరచేతులు అందరివీ ఒకటి కావు.

ఎప్పుడు పెట్టాలన్నది రాడార్ చెబుతుంది. విశాఖ కైలాసగిరి మీద వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. ఇచ్ఛాపురం వైపు వాళ్లకు ఒడిశాలోని గోపాలపూర్ రాడార్ దగ్గర. వాతావరణ శాఖ వెబ్‌సైట్లో ఆ బొమ్మలు తెరిచి, పక్కనున్న రంగుల కొలబద్దలో 55 dBZ (రాడార్‌కు తిరిగొచ్చే ప్రతిధ్వని బలం) దాటిన రంగు ముద్ద మీ మండలం వైపు కదులుతోందేమో చూడండి. దాటితే వడగళ్లు ఉండవచ్చు, తప్పకుండా ఉంటాయని కాదు. పిడుగుల కోసం ‘దామిని’ యాప్ చూసుకోవచ్చు. వడగళ్లు పడే పట్టీ సన్నంగా ఉంటుంది. ఒక ఊరి పొలాలు తుక్కయిపోయి, పక్క ఊళ్లో చినుకు కూడా లేకపోవడం మామూలే. పక్క ఊరి వాళ్లు ‘మాకేం పడలేదే’ అన్నంత మాత్రాన మీ మాట అబద్ధం కాదు.

ఐదు పరీక్షలు, ఇదే వరసలో

వరస ఎందుకంటే మొదటివి గడ్డను పాడుచేయవు, చివరివి చేస్తాయి.

మొదటిది చప్పుడు. రేకు మీద, కారు పైకప్పు మీద, స్టీలు పళ్లెం మీద పడ్డప్పుడు వినండి. వడగల్లు ఠంగుమని మోగి పైకి ఎగురుతుంది. మంచుగుళిక, అంటే దారిలో గడ్డకట్టిన చినుకు, చిటచిటమని ఇసుక జల్లినట్టు మోగుతుంది, అదీ ఎగురుతుంది. గ్రాపెల్, అంటే తుంపరలు అంటుకుని గుల్ల ఉండగా మారిన హిమపలక, మెత్తగా ‘టప్’ మంటుంది, కొంచెం ఎగిరి చాలాసార్లు అక్కడే చిట్లుతుంది. హిమం చప్పుడు చేయదు.

రెండోది కొలత. 5 మిల్లీమీటర్లు గీత. మామూలు కందిగింజ దాదాపు అంత ఉంటుంది. దానికి సమానంగానో పెద్దగానో ఉన్న గట్టి గడ్డ వడగల్లు. అంతకంటే చిన్నదైతే పేరు వెంటనే పెట్టకుండా తరవాతి పరీక్షలకు పంపండి. కొలిచేటప్పుడు అతి పొడుగైన వైపు, దానికి అడ్డంగా ఉన్న వైపు రెండూ రాయండి. పదో ఇరవయ్యో కొలిచి ‘చాలావరకు ఇంత, అన్నిటికంటే పెద్దది ఇంత’ అని విడిగా రాయాలి. ఒక్క పెద్ద రాయి ఫొటో పెట్టి అన్నీ అంతే అన్నట్టు చెప్పడం అందరూ చేసే పొరపాటు. కుప్పలో రెండు మూడు గడ్డలు అతుక్కుని కోడిగుడ్డంత అయిపోతాయి, నడుము దగ్గర నొక్కు కనిపిస్తే అవి విడివిడి గడ్డలు.

మూడోది వెలుగు. నల్లగుడ్డ మీద పెట్టి పక్కనుంచి టార్చి వేయండి. లోపలికి చూపు దూరితే అది పూర్తిగా కరిగి గడ్డకట్టిన నీరు. పాలలా అడ్డుకుంటే లోపల గాలి బుడగలు ఇరుక్కున్నాయి.

ఇక్కడ వంటింట్లో దొరికే పోలిక ఒకటి గుర్తుంచుకుంటే జీవితంలో మరిచిపోరు. పచ్చి సగ్గుబియ్యం తెల్లగా, వెలుగు దూరకుండా ఉంటుంది. గ్రాపెల్ అలా ఉంటుంది. ఉడికిన సగ్గుబియ్యం గాజుపూసలా తేట. మంచుగుళిక చూపుకు అలా ఉంటుంది, చేతికి మాత్రం రాయి. పొరలుగా, ఒకచోట తేటగా ఒకచోట మసకగా ఉన్న పటికబెల్లం ముక్క వడగల్లు. బొంబాయి రవ్వలా ఒక మిల్లీమీటరు కంటే సన్నగా, తెల్లగా పడేది మంచు నూక. అది ఎగరదు, చిట్లదు, కొంచెమే పడుతుంది, పొరలా పరుచుకున్న పలచని మబ్బు నుంచి పడుతుంది.

నాలుగోది గోరు. రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కండి. పొడి అయితే గ్రాపెల్. నొక్కులు పడకుండా వేళ్లనే నొప్పిపెడితే వడగల్లు లేదా మంచుగుళిక. అప్పుడప్పుడూ మంచుగుళిక పెంకు పగిలి లోపలి నీరు వేలికి తగులుతుంది. బయట గడ్డకట్టింది, లోపల ఇంకా పూర్తికాలేదు, అంతే. వెచ్చటి చేత్తో ఎక్కువసేపు పట్టుకుంటే ఈ పరీక్ష తప్పుతుంది. గ్రాపెల్ తడిసి ముద్దగా అయి గట్టిదానిలా అనిపిస్తుంది. కాబట్టి పడ్డ నిమిషంలోనే నొక్కి చూడాలి.

ఐదోది కోత. ఇదే అసలైన సాక్ష్యం, కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ చెప్పుకోవాలి.

వడగల్లును తెరిచి చదవడం

దొరికిన గడ్డల్లో రెండు మూడు పెద్దవాటిని ఒక్కొక్కటి విడి కవర్లో వేసి, గాలి పిండి తీసేసి, ఫ్రీజర్‌లో పెట్టండి. కలిపి వేస్తే అతుక్కుంటాయి. కవర్ లేకుండా వదిలేస్తే, మంచు పేరుకోని రకం ఫ్రిజ్‌లలో కొన్ని వారాల్లో గడ్డ కరగకుండానే ఆవిరై చిక్కిపోతుంది. పెట్టే ముందు పైతడిని గుడ్డతో అద్దండి. తడితో పెడితే ఆ తడి గడ్డకట్టి పైన ఒక తేట పొర కొత్తగా పుడుతుంది, అది మబ్బులో పుట్టింది కాదు మీ ఫ్రిజ్‌లో పుట్టింది.

కనీసం రెండు గంటలు గడ్డకట్టనివ్వాలి. కత్తితో కొడితే గడ్డ ముక్కలవుతుంది, కోత కాదు. గోరువెచ్చటి స్టీలు పళ్లెం మీద గడ్డను అదిమి, మెల్లగా తిప్పుతూ సగం కరగనివ్వండి. చదునైన ముఖం మిగులుతుంది. నల్లగుడ్డతో నీరద్ది, వెనక టార్చి పెట్టి చూడండి. ఉల్లిపాయ అడ్డకోతలా వలయాలు కనిపిస్తాయి.

తేట వలయం అంటే అక్కడ నీరు ఎక్కువగా వచ్చి పడింది. వచ్చిన నీరంతా ఒక్కసారిగా గడ్డకట్టలేక గడ్డ చుట్టూ పాకి, తీరిగ్గా గట్టిపడింది. ఆ తీరికలో బుడగలు బయటికి పోయాయి. పాలరంగు వలయం అంటే చలి ఎక్కువ, నీరు తక్కువ. తగిలిన ప్రతి తుంపర తగిలినచోటే గడ్డకట్టి గాలిని ఇరికించుకుంది. ఆ తుంపరలు సున్నా కంటే చల్లబడ్డా గడ్డకట్టని నీళ్లు. మబ్బులో అలాంటి నీరు సుమారు మైనస్ 38 డిగ్రీల దాకా ద్రవంగానే ఉండగలదు, ఏదైనా తగలగానే గడ్డవుతుంది. వడగళ్లు బాగా పెరిగేది మైనస్ 10 నుంచి మైనస్ 25 డిగ్రీల మధ్య పట్టీలో.

ఎన్ని వలయాలుంటే అన్నిసార్లు గడ్డ మబ్బులో కిందికీ పైకీ తిరిగిందని పాత పాఠాల్లో ఉండేది. పిల్లలకు ఇప్పటికీ అలాగే చెబుతున్నారు. అది అక్కర్లేదు. గడ్డ ఒకే ఎత్తున అడ్డంగా సాగిపోతూ, నీరు ఎక్కువున్న చోట, తక్కువున్న చోట మారినా వలయాలు వస్తాయి.

నడిబొడ్డు కూడా చూడండి. తెల్లటి, గుల్ల చుక్క ఉంటే ఆ వడగల్లు గ్రాపెల్‌గా పుట్టి పెరిగింది. గాజు చుక్క ఉంటే గడ్డకట్టిన చినుకు చుట్టూ పెరిగింది. నాలుగైదు సెంటీమీటర్లు దాటిన వాటికి బయట బొడిపెలు, కొమ్ములు వస్తాయి. పైకి పొడుచుకొచ్చిన చోట తుంపరలు ఎక్కువ తగిలి అక్కడే మరింత పెరగడం వల్ల అది. అది రెండు రాళ్లు అతుక్కోవడం కాదు.

తూకం కూడా వేయొచ్చు. గట్టి గడ్డ అయితే 2 సెంటీమీటర్ల ఉండ దాదాపు 4 గ్రాములు, 3 సెంటీమీటర్లది 12, 13 గ్రాములు, 4 సెంటీమీటర్లది సుమారు 30 గ్రాములు తూగాలి. అందులో సగమే తూగితే లోపల గుల్ల ఎక్కువ. కొలత కొంచెం పెరిగినా బరువు అంత గట్టిగా పెరుగుతుందని ఇక్కడ గమనించండి. రెండున్నర నుంచి నాలుగున్నర సెంటీమీటర్ల గడ్డలు గంటకు 40 నుంచి 65 కిలోమీటర్ల వేగంతో పడతాయి. 1888 ఏప్రిల్ 30న ఉత్తరప్రదేశ్ మొరాదాబాద్ దగ్గర వడగళ్లకు 246 మంది చనిపోయారు. అమెరికాలో దక్షిణ డకోటా రాష్ట్రం వివియన్‌లో 2010 జులై 23న పడినది 20 సెంటీమీటర్ల అడ్డుకొలత, 880 గ్రాముల బరువు. దొరికిన వెంటనే తూచలేదు కాబట్టి పడినప్పుడు ఇంకాస్త పెద్దదే అయి ఉంటుంది.

చెట్టు మీది గాయం చెప్పేది

గడ్డ కరిగిపోయాక పేరు తేల్చాల్సి వస్తే చెట్టునే అడగాలి. రైతుకు ఎక్కువగా కావలసింది ఇదే. కేంద్రం విపత్తు సహాయ నిధి జాబితాలో వడగళ్ల వాన ఒక విపత్తు, చలిగాలులు, తుషారం (గడ్డి మీద తెల్లగా గడ్డకట్టే తేమ) మరొకటి. ఒట్టి ఈదురుగాలి ఆ జాబితాలో విడిగా లేదు. పంట నష్టం 33 శాతం, ఆపైన ఉంటేనే సాయం. కాబట్టి ఏ గాయం ఎవరిదో తేడా చూపగలగాలి.

అరటి ఆకు గాలికి చిరిగితే ఈనెల వెంట, నడి ఈనె నుంచి అంచుకు, దువ్వెన పళ్లలా చిరుగుతుంది. వడగల్లు తగిలితే ఈనెలకు అడ్డంగా కన్నాలు పడతాయి, నడి ఈనె మీద గంట్లు ఉంటాయి. మామిడి కాయకు దెబ్బ పైభుజం మీదా, గాలి వచ్చిన వైపునా ఉంటుంది. మొదటి రోజు నీరుపట్టిన మచ్చ, రెండు మూడు రోజులకు గోధుమరంగు గుంట. కాయ చుట్టూరా ఉన్న మచ్చలు తెగులు. జీడిలో లేతపిక్కలు రాలిపోతాయి, గాలికీ రాలతాయి కనుక అది సాక్ష్యం కాదు. చిటారు కొమ్మల బెరడు చూడండి. పైవైపు మాత్రమే పొక్కిలి లేచి, కిందివైపు నున్నగా ఉంటే వడగల్లే. మొక్కజొన్న ఆకు పీలికలవుతుంది. మినుము, పెసర మొక్కలు పడిపోయినంత మాత్రాన ఏమీ తేలదు, కాయల మీద దెబ్బమచ్చలు ఉన్నాయా అన్నది చూడాలి.

ఫొటోలు గడ్డలు ఉండగానే ఒకసారి, మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి తీయండి. తేదీ, స్థలం పడేలా కెమెరా పెట్టుకోండి. ఒకే చెట్టును, అదే వైపు నుంచి తీస్తేనే మచ్చ ముదరడం కనిపిస్తుంది. రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకులకు, తోట అయితే ఉద్యాన సహాయకులకు రాతపూర్వకంగా చెప్పండి. ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధనల్లో వడగళ్లు స్థానిక విపత్తు, 72 గంటల్లో తెలియజేయాలి. మామిడి, జీడికి ఉన్నది వాతావరణ ఆధారిత బీమా అయితే దాని నిబంధనలు వేరు, పాలసీ కాగితం తీసి చూసుకోవాలి.

చలిదేశంలో ఉన్నవాళ్లకు

ఇక్కడి నుంచి సైన్యంలో చేరి లద్దాఖ్‌కో సిక్కింకో వెళ్లినవాళ్లకు, చదువుకు కెనడా పోయినవాళ్లకు మన జల్లెడ పనిచేయదు. అక్కడ నేల దగ్గరే సున్నా ఉంటుంది, అన్ని రకాలూ పడతాయి. అక్కడ అడగాల్సింది ఒక్కటే: పైన మబ్బుకూ కింద నేలకూ మధ్య వెచ్చటి గాలి పొర ఉందా?

లేకపోతే మంచు పలకలు అలాగే దిగుతాయి, అది హిమం. ఆరు కోణాల నక్షత్రాలు బాగా ఏర్పడేది మైనస్ 15 డిగ్రీల దరిదాపుల్లో. మైనస్ 5 దగ్గరైతే సూదులు. చూడాలంటే నల్లటి ఉన్నిగుడ్డను అరగంట బయట ఉంచి చల్లబరిచి, దాని మీద పట్టి, నగలవాళ్లు వాడే పదిరెట్ల భూతద్దంతో చూడండి, ఊపిరి పక్కకు వదలండి. అదే హిమపలక దారిలో గడ్డకట్టని తుంపరల్లో దొర్లితే, ఆ తుంపరలు అంటుకుని కోణాలు మూసుకుపోయి గ్రాపెల్ అవుతుంది. దాని ఆకారం చాలాసార్లు శంకువు, అడుగు గుండ్రం.

వెచ్చటి పొర ఉంటే పలక కరిగి చినుకవుతుంది. ఆ కింద చల్లటి పొర మందంగా ఉంటే చినుకు మళ్లీ గడ్డకట్టి మంచుగుళికగా పడుతుంది. చల్లటి పొర పలచనైతే గడ్డకట్టే తీరిక ఉండదు, నీరుగానే వచ్చి తగిలినచోట గాజులా అతుక్కుంటుంది. అన్నిటిలోకీ ప్రమాదం ఇదే. కంటికి మామూలు వాన. థర్మామీటర్ సున్నా కింద ఉండి వాన పడుతుంటే బండి తీయకండి. చెట్టు రెమ్మను వేలితో తడమండి, నున్నటి తేట తొడుగు తగిలితే రోడ్డు కూడా అలాగే ఉంది.

మంచుగుళికకూ చిన్న వడగల్లుకూ చూపులో తేడా తక్కువ, మబ్బు చూసి తేల్చాలి. ఉరుము, ఎత్తైన మబ్బు, పది నిమిషాల జోరు అయితే వడగల్లు. ఆకాశమంతా బూడిదరంగు దుప్పటి, గంటల తరబడి నింపాదిగా పడటం అయితే మంచుగుళిక. ‘స్లీట్’ అన్న మాట వినబడితే చెప్పేవారు ఏ దేశంవారో అడగండి. అమెరికాలో అది మంచుగుళిక, బ్రిటన్‌లో, మన దగ్గర అది వాన, హిమం కలిసి పడటం.

హిమం కొలవాలంటే 40 సెంటీమీటర్ల చదరపు చెక్కకు తెల్లరంగు వేసి బయట పెట్టి, లోతు స్కేలుతో నిలువుగా మూడు చోట్ల చూడండి. 10 సెంటీమీటర్ల తాజా హిమం కరిగితే సుమారు ఒక సెంటీమీటరు నీరు. తడిహిమం అయితే ఎక్కువ నీరు, పొడిహిమం అయితే తక్కువ.

రాలనిది

లంబసింగి, పాడేరు వైపు డిసెంబరు, జనవరిలో కనిపించే తెలుపు రాలింది కాదు, అక్కడే పుట్టింది. గాలిలోని తేమ, రాత్రంతా ఆకాశానికి వేడి వదిలి సున్నా కిందికి చల్లబడ్డ గడ్డి మీద నేరుగా గడ్డకడితే తుషారం. పరీక్ష తేలిక. చెట్టు కింద చూడండి. పైనుంచి పడేదైతే ఆకుల మీదా, కొమ్మల సందుల్లోంచి నేల మీదా ఉండాలి. తుషారం చెట్టు నీడన ఉండదు, ఆకాశం కనబడే చోటే ఉంటుంది. భూతద్దంలో ఈకల్లాంటి తెల్ల సూదులు కనిపిస్తే తుషారం, గుండ్రటి తేట పూసలైతే గడ్డకట్టిన మంచుబిందువులు. ‘వాతావరణ కేంద్రంలో మూడు డిగ్రీలు అన్నారు, మరి గడ్డకట్టిందేం’ అని తగువు వేసుకోకండి. థర్మామీటర్ మనిషి ఛాతీ ఎత్తున పెట్టెలో ఉంటుంది, ప్రశాంతమైన రాత్రి నేలకు ఆనుకున్న గడ్డి అంతకంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది.

కలిసి పడ్డప్పుడు

చలిదేశంలో ఒకే పూటలో రెండు మూడు రకాలు మారడం మామూలు. అప్పుడు ఒక్క పేరు కోసం పట్టుబట్టకుండా, పావుగంటకోసారి ఏం పడుతోందో సమయంతో రాయండి. హిమం నుంచి మంచుగుళికలకు, అక్కడినుంచి గాజులా అతుక్కునే వానకు, చివరికి మామూలు వానకు మారితే పైన వెచ్చటి గాలి మందమవుతోందని అర్థం. వరస తిరగబడితే చలి కిందికి దిగుతోంది. మన జిల్లాల్లో మాత్రం ఇంత రాత అక్కర్లేదు: వడగళ్లు మొదలైన నిమిషం, ఆగిన నిమిషం, చాలావరకు ఉన్న కొలత, అన్నిటికంటే పెద్దదాని కొలత, గాలి వచ్చిన దిక్కు. ఈ ఐదూ పలక వెనకే స్కెచ్ పెన్నుతో రాసి, ఆ పలకను అలాగే దాచండి. మరో వానకు కొత్త పలక చుట్టుకోవాలి.